హైదరాబాదులో మైక్రోబ్రూవరీ పెట్టదలచినవారికి: ముందు నీరు, చల్లదనం, శుభ్రత

పుణేలో దూలల్లీ మైక్రోబ్రూవరీ 2009లోను, బెంగళూరులో టోయిట్ 2010లోను మొదలైన తరువాత, అక్కడే కాచి అక్కడే తాజాగా పోసే బీరుకు మన నగరాలు క్రమంగా అలవాటుపడ్డాయి. తెలంగాణ ప్రభుత్వం 2015లో మైక్రోబ్రూవరీలకు నిబంధనలు తెచ్చాక జూబ్లీహిల్స్, గచ్చిబౌలి వంటి ప్రాంతాల్లోనూ అవి వెలిశాయి. అయితే ఈ వ్యాపారంలోకి కొత్తగా దిగేవారు చాలామంది పెట్టుబడిలో సింహభాగాన్ని హాలు అలంకరణకు కేటాయించి, బీరు కాచే గదిని మిగిలిన మూలలోకి నెడుతున్నారు. ఈ వరుస తిరగబడాలన్నది నా గట్టి అభిప్రాయం. బీరు రుచిని నిర్ణయించేవి నీరు, చల్లదనం, శుభ్రత. ఈ మూడింటికీ ఏర్పాట్లు జరిగాకే మిగతా ఖర్చుల జోలికి వెళ్లాలి.

ఎక్సైజ్ శాఖ లైసెన్సు లేనిదే ఒక్క గిన్నెడు కూడా కాయకూడదు. సరదాకు ఇంట్లో కాచుకోవడం సైతం చట్టరీత్యా నేరమే కాబట్టి, పని నేర్చుకోదలచినవారు లైసెన్సున్న బ్రూవరీలో చేరి నేర్చుకోవడమే మార్గం. ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ, అగ్నిమాపక శాఖ, కాలుష్య నియంత్రణ మండలి అనుమతుల పని కూడా దీనితోపాటే మొదలుపెట్టాలి. 21 ఏళ్లు నిండనివారికి బీరు పోయకూడదన్న నియమాన్ని సిబ్బందికి మొదటి రోజే స్పష్టంగా చెప్పాలి.

భవనం పై అంతస్తును అద్దెకు తీసుకుంటున్నట్లయితే, ఒప్పందంపై సంతకం పెట్టకముందే స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించండి. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే బీరు బరువే టన్ను దాటుతుంది. దానికి ట్యాంకు సొంత బరువు అదనం. అలాంటివి నాలుగైదు ఒకే వరుసలో నిలిపితే ఆ భారాన్ని మామూలు శ్లాబు మోయగలదో లేదో కంటిచూపుతో చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఇక నీరు. జలమండలి సరఫరా చేసే మంజీరా, కృష్ణా, గోదావరి జలాలు ఒక తీరు, బోరు నీరు మరో తీరు, ట్యాంకరు నీరు ఏ పూటకా పూట వేరు. బోరు నీటిలో సాధారణంగా కఠినత్వం, బైకార్బొనేట్లు ఎక్కువగా ఉంటాయి. బైకార్బొనేట్లు పెరిగితే మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన గింజలు, ముఖ్యంగా బార్లీ) నానే నీటి పీహెచ్, అంటే ఆమ్ల, క్షార గుణాల కొలత, పెరిగి, బీరులో నాలుకను పట్టేసే వగరు దిగుతుంది. మాల్ట్ కలిపాక పీహెచ్ 5.2కు, 5.6కు మధ్య ఉండాలి. అందుచేత నీటిని ముందుగా కార్బన్ ఫిల్టరులో క్లోరిన్ పోయేలా వడగట్టి, ఆర్వో చేసి, ఆ తరువాత కాల్షియం క్లోరైడు, జిప్సం కొలిచి కలుపుకోవడం ఉత్తమం. క్లోరిన్ మిగిలిపోతే బీరుకు ఆసుపత్రిలోని మందు వాసన పడుతుంది. తరువాత ఏం చేసినా అది పోదు.

వెయ్యి లీటర్ల మామూలు బీరుకు సుమారు 200 కిలోల మాల్ట్ పడుతుంది. దాన్ని పిండి కాకుండా బద్దలయ్యేలా మరపట్టి, 65 నుంచి 68 డిగ్రీల వేడి నీటిలో గంటసేపు ఉంచితే గింజలోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. మారిందో లేదో గడియారాన్ని కాక అయోడిన్‌ను అడగాలి. తెల్లటి పింగాణీ పళ్లెంలో గింజ నలుసులు లేకుండా ఒక చుక్క రసం వేసి, పక్కనే ఒక చుక్క అయోడిన్ వేసి రెండింటినీ కలపండి. నలుపు తిరిగిన నీలం కనిపిస్తే పిండి ఇంకా మిగిలి ఉన్నట్లు. అయోడిన్ తన పసుపు గోధుమ రంగులోనే నిలిస్తే పని పూర్తయినట్లు. ఆ తరువాత వడగట్టిన రసాన్ని హాప్స్ (బీరుకు చేదును, వాసనను ఇచ్చే ఎండు పూలు) వేస్తూ గంట నుంచి గంటన్నర వరకు మరిగించాలి. హాప్స్ ఎక్కువగా జర్మనీ, అమెరికాల నుంచి దిగుమతి అవుతాయి కనుక గాలి చొరబడని సంచుల్లో, డీప్ ఫ్రీజరులోనే నిల్వ చేయాలి.

విదేశీ పుస్తకాలు చదివి కాచేవారికి హైదరాబాదు ఎండాకాలం ఎదురుతిరిగేది ఇక్కడే. మరిగిన రసాన్ని ఈస్ట్ కలిపేముందు వేగంగా 18 లేదా 20 డిగ్రీలకు దించాలి. చలి దేశాల్లో ఆ పని కుళాయి నీటితోనే జరిగిపోతుంది. మే నెలలో మన మిద్దె మీది ట్యాంకు నీరే అంతకంటే చాలా వేడిగా ఉంటుంది. కాబట్టి కాచే ముందురోజే నీటిని చల్లబరిచి ఉంచుకునే ప్రత్యేక ట్యాంకు, ట్యాంకుల చుట్టూ చల్లటి ద్రవాన్ని తిప్పే, తగిన సామర్థ్యమున్న గ్లైకాల్ చిల్లరు తప్పనిసరి. పులిసే క్రమంలో ఈస్ట్ స్వయంగా వేడి పుట్టిస్తుంది కనుక కరెంటు పోయినప్పుడు జనరేటరు లైట్లతోపాటు చిల్లరు భారాన్నీ మోయగలగాలి.

మొదటి బీరుగా గోధుమ మాల్ట్ సగానికి పైగా ఉండే జర్మన్ పద్ధతి హెఫెవైజెన్‌ను ఎంచుకోమని నా సలహా. అరటిపండు, లవంగం వాసనలు దానికి ఈస్ట్ నుంచే వస్తాయి, వడపోత అక్కరలేదు, రెండు వారాల్లో సిద్ధమవుతుంది. అదే లాగరు రకం బీరైతే 8 నుంచి 13 డిగ్రీల్లో నిదానంగా పులిసి, ట్యాంకును నెల దాటి ఆక్రమిస్తుంది. హైడ్రోమీటరు సాంద్రతను రోజూ రాసుకోండి: అది 1.050 నుంచి 1.010కి దిగి, రెండు మూడు రోజులు అక్కడే నిలిస్తే పులియడం ముగిసినట్లు, ఆల్కహాలు సుమారు 5.2 శాతం వచ్చినట్లు.

ట్యాంకులు కడిగే పనిని అనుభవం లేనివారికి ఒంటరిగా అప్పగించకండి. పులిసిన ట్యాంకులో నిండి ఉండే కార్బన్ డయాక్సైడును పూర్తిగా బయటకు పంపకుండా కాస్టిక్ సోడా పంపిస్తే, ఆ వాయువును కాస్టిక్ పీల్చుకుని లోపల శూన్యం ఏర్పడి, లక్షలు పోసి కొన్న స్టీలు ట్యాంకు లోపలికి నలిగిపోవచ్చు. ఇదే వాయువు గాలికంటే బరువైనది, నేలబారుగా పేరుకుంటుంది, ప్రాణం తీయగలదు. గది అడుగు భాగం నుంచి గాలి బయటకు పోయే ఫ్యాను, వాయువును పసిగట్టే అలారం రెండూ ఉండాలి. ట్యాంకులోకి తల పెట్టి చూడటాన్ని పూర్తిగా నిషేధించాలి. బీరు పోసే పైపులనూ కుళాయిలనూ రెండు వారాలకొకసారి కడగకపోతే, ఎంత బాగా కాచిన బీరైనా గ్లాసులోకి వచ్చేసరికి వెన్న వాసనో పులుపో అంటించుకుంటుంది.

చేయి తిరిగాక జొన్నతో ప్రయత్నించండి. తెలంగాణ పొలాల్లో పండే గింజ మన గ్లాసులోకి రావాలని నాకు ఎంతో ఆశ. జొన్న పిండి ఉడకడానికి బార్లీకంటే ఎక్కువ వేడి కావాలి కనుక, దాన్ని విడిగా జావలా కాచి, తరువాత బార్లీ మాల్ట్‌తో కలపాలి. నేరుగా కలిపితే అందులోని పిండి చాలావరకు చక్కెరగా మారకుండా మిగిలిపోతుంది.

వడగట్టగా మిగిలిన తడి పిప్పి పాడి పశువులకు మంచి దాణా, కానీ ఎండాకాలంలో అది ఒక్కరోజులోనే పులిసి కంపు కొడుతుంది. కాచిన రోజే బండి తెచ్చి తీసుకుపోయే డెయిరీవారితో మొదటి బ్యాచ్ కాయకముందే మాట్లాడుకోవాలి.