బకింగ్‌హాం కాలువ చూడాలంటే లోకల్ రైలే మేలు

తిరుపతి నుంచి చెన్నై వెళ్లి బకింగ్‌హాం కాలువ చూపించమంటే ఆటోవాళ్లు "ఎక్కడ?" అని మనల్నే అడుగుతారు, చార్జీ మాత్రం గట్టిగా చెబుతారు. సెంట్రల్ ఎదురుగానే పార్క్ టౌన్ స్టేషన్. అక్కడ వేళచ్చేరికి రానూపోనూ టికెట్ తీసుకోండి. చేపాక్ నుంచి తిరువాన్మియూర్ దాకా రైలు చాలావరకు కాలువ వెంబడే పోతుంది. కొన్నిచోట్ల వంతెన స్తంభాలు నీళ్లలోనే దిగి ఉంటాయి. పోయేటప్పుడు కుడిచేతి కిటికీ పట్టుకుంటే, వచ్చేటప్పుడూ కుడిచేతిదే పట్టండి, రెండు వైపులా చూసినట్టవుతుంది. కూవం, అడయార్ నదులను కలిపే ఈ 8 కిలోమీటర్ల ముక్క 1877-78లో, మన పెద్దలు చెప్పే ధాత కరువు నాళ్లలో, కూలి పనిగా తవ్వించింది.

ఆఫీసుల వేళ వద్దు, కిటికీ దొరకదు. పడవలూ తేట నీళ్లూ ఆశించే పిల్లలుంటే అసలే వద్దు: నల్లటి నీళ్లు, కంపు.