ప్రొక్రాస్టినేట్‌కి ఒక గోడ రాత

బెంగళూరు మారతహళ్ళి పీజీలో ఉన్నప్పుడు, విదేశాల్లో పై చదువులకు రాసే జీఆర్‌ఈ పరీక్ష కోసం రోజుకు యాభై ఇంగ్లిష్ మాటలు బట్టీ పట్టేవాణ్ణి. తెల్లారేసరికి పది కూడా మిగిలేవి కావు. తర్వాత పద్ధతి మార్చాను: మాటను విరిచి, లోపలి ముక్కను మనకు తెలిసిన దేనికైనా ముడేయడం.

ప్రొక్రాస్టినేట్ తీసుకోండి, అంటే పనిని వాయిదా వేయడం. మధ్యలో ఉన్న 'క్రాస్' అంటే లాటిన్‌లో రేపు. మన ఊళ్ళలో తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసేవాళ్ళు కదా, ఇక్కడ బెంగళూరులో అదే 'నాళె బా'. దయ్యాన్ని కూడా రేపటికి వాయిదా వేయడమే! ఇక ఆ మాట నన్ను వదల్లేదు.

అలాగే లాటిన్‌లో 'లొక్వి' అంటే మాట్లాడటం. లొక్వేషస్ మన వసపిట్ట, ఎలొక్వెంట్ మంచి మాటకారి, సొలిలొక్వీ తనలో తాను మాట్లాడుకోవడం. నిఘంటువులో మాట పుట్టుక కూడా రాసే ఉంటుంది, మనమే దాన్ని దాటేసి అర్థం దగ్గరికి పోతాం.

పోలిక మాత్రం మీరే వెతుక్కోండి, నాది మీకు అంత గట్టిగా పట్టదు. కొన్ని మాటలు ఇలా విరగవు. వాటిని మెయిల్‌లోనో చాట్‌లోనో రెండు మూడు సార్లు వాడేయడమే.