గొలుసులు, లింకుల కొలతలు మీటర్లలోకి మార్చాక లెక్క కుదరడం లేదా?

పాత సర్వే పటంలోని పొడవులను మీటర్లలోకి మార్చాక హద్దులు కలవకపోతే చాలామంది గుణకారాన్నే మళ్లీ మళ్లీ చేసి చూస్తారు. తప్పు అక్కడ ఉండడం అరుదు. కొలిచింది ఏ గొలుసుతో (నేల కొలవడానికి లాగే లోహపు గొలుసు, దానిలో ఒక్కో ముక్క ఒక లింకు), ఏ అడుగుతో అన్నది తేల్చుకోకుండా మొదలుపెట్టడమే అసలు తంటా.

అన్ని పొడవులూ ఒకే నిష్పత్తిలో తేడా వస్తున్నాయి

కారణం: మీరు అనుకున్న గొలుసు వేరు, సర్వేయరు లాగిన గొలుసు వేరు. 1620 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో ఎడ్మండ్ గంటర్ వాడుకలోకి తెచ్చిన గొలుసు 66 అడుగులు, అంటే 20.1168 మీటర్లు. ఇంజనీర్ల గొలుసు 100 అడుగులు. ఐర్లండ్ పాత గొలుసు 84 అడుగులు. వీటిలో దేన్ని తీసుకున్నా 100 లింకులే, కాబట్టి లింకుల సంఖ్యను బట్టి గొలుసును పోల్చుకోలేం.

పరిష్కారం: నేల మీద ఇప్పటికీ కొలవగలిగే ఒక భుజాన్ని పట్టుకోండి. అసలు పొడవును మీ లెక్కతో భాగించండి. గంటర్ గొలుసు అనుకుని మార్చినప్పుడు 1.515 వస్తే అది ఇంజనీర్ల గొలుసు, 1.273 వస్తే ఐర్లండ్‌ది. నేల మీద ఏమీ దొరకకపోతే పటం మీద రాసిన విస్తీర్ణం చూడండి. 5 గొలుసుల పొడవు, 4 గొలుసుల వెడల్పు ఉన్న దీర్ఘచతురస్రానికి 2 ఎకరాలని రాసి ఉంటే అది గంటర్ గొలుసు అయ్యుండాలి. అదే ఇంజనీర్ల గొలుసైతే 4.59 ఎకరాలు కావాలి. ఇక్కడో మెలిక ఉంది: ఐర్లండ్‌లో ఎకరం కూడా పెద్దదే, అక్కడా 10 చదరపు గొలుసులే ఒక ఎకరం. అక్కడి పాత పటాలకు ఈ పరీక్ష పనికిరాదు.

మిగతావన్నీ సరిపోయి ఒక్క భుజమే తప్పుతోంది

దశాంశ బిందువును అనుమానించండి. 4 గొలుసుల 5 లింకులంటే 4.05, 4.5 కాదు. ఈ ఒక్క సున్నా పోతే 267.3 అడుగులు కాస్తా 297 అవుతుంది. ముందు అంతా లింకుల్లోకి మార్చుకుని (405), తర్వాత 0.201168తో గుణిస్తే ఈ గొడవే ఉండదు.

రాడ్, పోల్, పెర్చ్ అని మూడు పేర్లు కనిపించినా కంగారు వద్దు, పొడవుగా మూడూ 16.5 అడుగులే, 25 లింకులు. ఫర్లాంగు 10 గొలుసులు, మైలు 80.

పొడవులు సరే, విస్తీర్ణమే తేడా

గంటర్ గొలుసులో ఒక లింకు 0.66 అడుగు కాబట్టి చదరపు లింకులను 0.66తో ఒక్కసారే గుణించి ఉంటారు. చదరపు అడుగులు కావాలంటే 0.4356తో గుణించాలి. లక్ష చదరపు లింకులు ఒక ఎకరం.

కోఆర్డినేట్లన్నీ (మూలబిందువు నుంచి ఒక చోటును చూపే దూరాలు) కాస్త పక్కకు జరిగాయి

ఇది అమెరికా పటాల్లో ఎక్కువ. అక్కడి సర్వే అడుగు 1200/3937 మీటరు, 1959లో ఖాయమైన అంతర్జాతీయ అడుగు 0.3048 మీటరు. తేడా పది లక్షలకు రెండు పాళ్లే. ఒక పొలం హద్దులో అది కంటికి ఆనదు. కానీ 20 లక్షల అడుగుల కోఆర్డినేట్‌లో 4 అడుగులు తేలుతుంది. 2022 చివరితో సర్వే అడుగును పక్కన పెట్టినా పాత ఫైళ్లలో అదే ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లో ఏ అడుగు ఎంచుకున్నారో చూసుకోండి.

లెక్కంతా సరైనదే, నేల మీద మాత్రం కలవడం లేదు

ఇది మార్పిడి తప్పు కాదు. గొలుసులో వందల కొద్దీ రింగులు ఒకదానితో ఒకటి రాసుకుని అరిగేవి, గొలుసు సాగేది. సాగిన గొలుసుతో కొలిస్తే సర్వేయరు కొలతలు రాసుకునే పుస్తకంలో (ఫీల్డ్ బుక్) పొడవు తక్కువ పడుతుంది. 66.2 అడుగులకు సాగిన గొలుసుతో 20 గొలుసులని రాసిన గీత నిజానికి 1320 అడుగులు కాదు, 1324.

వాలు నేల మీద గొలుసును అలాగే పరిచి కొలిస్తే తేడా రెండో వైపుకు వస్తుంది. 10 డిగ్రీల వాలులో 10 గొలుసులని రాసింది సమతలంలో 9.85 మాత్రమే. ఫీల్డ్ బుక్‌లో వాలు కోణం ఉంటే దాని కొసైన్‌తో గుణించండి. లేకపోతే మిగిలి ఉన్న రెండు హద్దురాళ్ల మధ్య ఇప్పుడు కొలిచి, ఆ నిష్పత్తిని అదే సర్వేలో, అదే రకం నేల మీద ఉన్న పక్క గీతలకు మాత్రమే వాడండి.