పరుగెడుతున్నా బరువు దిగడం లేదా? ముందు ప్లేటు చూడండి

80 కిలోల మనిషి వారానికి నాలుగు రోజులు, రోజుకు 5 కిలోమీటర్లు పరుగెడుతున్నారనుకుందాం. ఈ లెక్కలన్నీ ఆయనవి. మీ బరువును బట్టి అంకెలు మార్చుకోండి.

నెల దాటింది, ముల్లు కదలడం లేదు

పరుగు మొదలుపెట్టి రెండు మూడు వారాలే అయితే కంగారు వద్దు. కొత్త శ్రమకు కండరాలు మరమ్మతు చేసుకుంటూ నీరు పట్టి ఉంచుతాయి. కొందరికి బరువు కాస్త పెరుగుతుంది కూడా. అన్నాళ్లూ నడుము కొలత చూసుకోండి.

నెల దాటాక కూడా అంతేనంటే తిండిలోనే ఉంది కిటుకు. పరుగులో ఒక్కో కిలోమీటరుకు, శరీర బరువులో కిలోకు ఒక క్యాలరీ చొప్పున ఖర్చవుతుంది. అంటే 5 కిలోమీటర్లకు 400. నాలుగు రోజులకు 1,600. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 క్యాలరీల లోటు కావాలి. వారానికి అరకిలో తగ్గాలంటే 3,850. అందులో సగం కూడా పరుగు ఇవ్వడం లేదు, మిగతాది తిండిలో తగ్గాల్సిందే. నెక్లెస్ రోడ్డు మీద పరుగు ముగించి, తిన్నగా టిఫిన్ బండి దగ్గరికెళ్లి నెయ్యి కారం దోసె, ఓ గారె, చక్కెర దండిగా వేసిన టీ లాగిస్తే ఆ 400 అక్కడే చెల్లిపోతాయి.

అన్నిటికంటే ముందు నూనె సంగతి తేల్చండి. ఒక టేబుల్ స్పూను నూనె 120 క్యాలరీలు, నెయ్యి కూడా దాదాపు అంతే. ఇంట్లో నూనె ప్యాకెట్ కత్తిరించిన రోజే దాని మీద తేదీ రాయండి. నలుగురున్న ఇంట్లో నెలకు నాలుగు లీటర్లు అవుతుంటే మనిషికి రోజుకు 30 గ్రాములు, అంటే 270 క్యాలరీలు. బయట తిన్నది దీనికి అదనం. వారంలో వేపుళ్లు ఒకటి రెండుకు తగ్గించి, మిగతా రోజుల్లో పులుసు కూరలు, ఆవిరి మీద ఉడికించినవి చేసుకుంటే మూడు లీటర్లతో సరిపోతుంది. అన్నం మానేసి, దాని బదులు నూనె వేసి కాల్చిన చపాతీలు నాలుగు తింటే మాత్రం ఒరిగేదేమీ లేదు.

సాయంత్రం ఐదయ్యేసరికి మిక్చర్ డబ్బా ఖాళీ

ఇది నోటి కట్టుబాటు లేక కాదు. పొద్దున పరుగెత్తి రెండు ఇడ్లీలతో సరిపెడితే అందే ప్రొటీన్ నాలుగైదు గ్రాములే. మధ్యాహ్నం కూడా పలుచటి పప్పుచారుతో కానిచ్చేస్తే సాయంత్రానికి ఒళ్లు బాకీ వసూలు చేస్తుంది. పరుగెడుతూ బరువు తగ్గేవారికి రోజుకు, శరీర బరువులో కిలోకు 1.2 గ్రాముల ప్రొటీన్ ఉంటే మంచిది. కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరు చెప్పినంతే.

పొద్దున ఇడ్లీతో రెండు గుడ్లు, లేదా పెసరట్టు తినండి. ఉప్మా కూరి తినే పెసరట్టు కాదు, ఉత్తదే. మధ్యాహ్నం కంచంలో ముందు కూర, గట్టి పప్పు వడ్డించుకుని, అన్నం ఆ తర్వాత పెట్టుకోండి. నాలుగున్నరకే ఓ గిన్నెడు శనగ గుగ్గిళ్లు, చక్కెర లేని మజ్జిగ. డబ్బా పొడుల అవసరం లేదు. ప్రొటీన్ సప్లిమెంట్లకు దూరంగా ఉండమని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కూడా 2024 మార్గదర్శకాల్లో చెప్పింది.

పరుగులో కళ్లు తిరుగుతున్నాయి

రాత్రి భోజనం ఎగ్గొట్టి, పొద్దున ఖాళీ కడుపుతో దౌడు తీసేవారికి ఇది మామూలే. అరగంట ముందు ఒక అరటిపండు తినండి, రాత్రి కొంచెమైనా అన్నం తినండి.

ఇన్సులిన్ లేదా గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు వాడే షుగర్ రోగులకు మాత్రం ఇది ప్రమాదం, షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. మోతాదు గురించి డాక్టరును అడగకుండా పరుగు మొదలుపెట్టకండి. జేబులో గ్లూకోజ్ ఉంచుకోండి.

తిన్నా కూడా నీరసం, చిన్న మెట్ట ఎక్కినా ఆయాసం ఉంటే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి, ముఖ్యంగా ఆడవాళ్లు. భోజనం అవగానే టీ తాగే అలవాటు ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. గంట ఆగి తాగండి, ఆకుకూరల్లో నిమ్మరసం పిండుకోండి. పరుగులో గుండెలో నొప్పి వస్తే ఇవేవీ కావు, వెంటనే ఆగి ఆసుపత్రికి వెళ్లండి.

డొక్కలో పోటు

తిన్న వెంటనే పరుగెత్తడమే తరచూ కారణం. భోజనానికీ పరుగుకీ మధ్య రెండు మూడు గంటలు ఉండాలి. పోటు వస్తే వేగం తగ్గించి లోతుగా ఊపిరి తీసుకోండి.

ఆదివారం బిర్యానీ, సోమవారం కిలో ఎక్కువ

ఒక్క పూటలో కిలో కొవ్వు పేరుకోదు. అందులో ఎక్కువ భాగం ఉప్పు, అన్నం పట్టి ఉంచిన నీరే. దీనికి సోమవారమంతా పస్తుండి, ఆ ఆకలితో మంగళవారం రెట్టింపు తినేవాళ్లను చాలామందిని చూశాను. బిర్యానీ తినండి. ఫ్యామిలీ ప్యాక్ కాకుండా సింగిల్ చెప్పి, దాంతో కూల్‌డ్రింకు, డబల్ కా మీఠా వదిలేయండి. బరువు చూసుకునేది వారానికి ఒక్కసారే, శుక్రవారం పొద్దున, పరగడుపున.