వంటగది మార్పించే ముందు ఇవి చూసుకోండి

దసరాలోగా వంటగది కొత్తగా చేయించుకోవాలనుకుంటే, మేస్త్రీని పిలవకముందే ఇవి తేల్చుకోండి.

• గ్రానైట్ కోయకముందే హాబ్ (గట్టు రాయిలో దించి బిగించే పొయ్యి) మోడల్ ఖాయం చేయండి. దానికోసం రాయిలో కోసే రంధ్రం (కటౌట్) కొలత మోడల్‌ని బట్టి మారుతుంది. రాయి ఎక్కువ కోశారంటే అతుకు వేసేది కాదు, పలక మార్చాల్సిందే.

• గట్టు ఎత్తు టేపు పెట్టి కొలవండి. మామూలు డిష్‌వాషర్ ఎత్తు దాదాపు 85 సెంటీమీటర్లు, అంటే 33 అంగుళాల పైమాటే. 32 అంగుళాల గట్టులో రాయి మందం పోగా అదెలా పడుతుంది? మా ఇంట్లోది బాల్కనీలో, బట్టలారేసే తాడు కింద ఉంది.

• టైల్స్ వేయకముందే ఒవెన్‌కి, డిష్‌వాషర్‌కి విడివిడిగా 16 ఆంప్స్ పాయింట్లు పెట్టించండి. రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద నడిపితే వైరు కాలిపోవచ్చు.

• సిలిండర్ అర తలుపుకి అడుగున గాలి రంధ్రాలు తప్పనిసరి. లీకైన గ్యాస్ గాలికన్నా బరువు, నేలబారునే పేరుకుంటుంది.

• చిమ్నీ పైపుకి వంపులు తగ్గించండి. లేకపోతే పోపు ఘాటంతా హాల్లోకే.

• ఫ్రిజ్‌ని గోడ మూలకి ఆనించకండి. తలుపు పూర్తిగా తెరుచుకోకపోతే కూరగాయల డబ్బా బయటికి రాదు.