పాత గ్లైడర్ ప్యానెల్ విప్పే ముందు

జర్మనీకి వచ్చి గ్లైడింగ్ క్లబ్‌లో, అంటే ఇంజను లేని విమానాలు నడిపే క్లబ్‌లో, చేరిన మనవాళ్లకి చలికాలం రాగానే వర్క్‌షాప్ డ్యూటీ పడుతుంది. పాత ఏఎస్‌కే 13 గ్లైడర్ ఎదురుగా ఉంటుంది, 1966లో మొదటిసారి ఎగిరిన మోడల్, ఉక్కు గొట్టాల చట్రానికి బట్ట కప్పిన రెండు సీట్ల బండి. దీన్లో ఫ్లార్మ్ (దగ్గరికొచ్చే విమానాల గురించి హెచ్చరించే పరికరం) పెట్టేద్దాం, కొత్త రేడియో పెట్టేద్దాం అని చేతులు దురదపెడతాయి. ఆగండి, ముందు కాగితాలు.

మీ గ్లైడర్ యూరప్ విమాన భద్రతా సంస్థ ఈఏఎస్‌ఏ నిబంధనల కిందికి వస్తుందా, జర్మనీ సొంత నిబంధనల కిందికా అన్నది మొదట తేల్చుకోండి. ఈఏఎస్‌ఏ అయితే పని సులువే. 8.33 రేడియో (ఛానెళ్ల మధ్య 8.33 కిలోహెర్ట్జ్ ఎడం ఉండే రకం), ట్రాన్స్‌పాండర్ (రాడార్‌కి జవాబిచ్చే పరికరం), ఫ్లార్మ్ లాంటి మార్పులు సీఎస్-స్టాన్ అనే ఈఏఎస్‌ఏ ప్రామాణిక మార్పుల జాబితాలో ఉన్నాయి, అందులో చెప్పినట్టే చేస్తే విడిగా డిజైన్ అనుమతి అక్కర్లేదు, ఫారం 123 నింపి సంతకం పెట్టించుకోవాలి. ఆ సంతకం అన్నిటికీ ఓనర్ పైలట్‌ది చెల్లదు. నేను ఇంజనీర్‌నే కదా అంటే కుదరదు, సాఫ్ట్‌వేర్ అయితే మరీ.

ఇక బరువు. పెంచితేనే ప్రమాదం అనుకుంటాం గానీ, ముక్కులోంచి తీసేస్తే ఇంకా ప్రమాదం. ముక్కులోని రెండున్నర కిలోల లెడ్ బ్యాటరీ తీసి కిలో లిథియం పెట్టారనుకోండి, టెన్త్‌లో చదివిన గరిమనాభి వెనక్కి జరుగుతుంది. దాని వెనక హద్దుకి బ్యాటరీ 1.6 మీటర్లు, పైలట్ 0.6 మీటర్లు ముందున్నారనుకుంటే, తగ్గిన 1.5 కిలోలకి పైలట్ 4 కిలోలు అదనంగా ఉండాలి. కాక్‌పిట్‌లో అంటించిన ప్లకార్డు మీద పైలట్ కనీస బరువు పారాచూట్‌తో కలిపి 70 అని ఉంటే ఇప్పుడది 74. పారాచూట్‌తో కలిపి 71 కిలోలుండే మన కుర్రాడు పాత ప్లకార్డు చూసి ఎక్కేస్తాడు, స్పిన్‌లో (గిరగిరా తిరుగుతూ కిందికి జారడం) పడితే బయటికి రావడం కష్టమవుతుంది. అందుకే లెక్క మళ్లీ కట్టించి, ప్లకార్డు మార్చి, సీటుకి సీసం బరువు బిగించాకే ఎక్కించండి.

ఫ్యూజ్ బ్యాటరీ టెర్మినల్ పక్కనే ఉండాలి. ప్యానెల్ దగ్గర పెడితే మధ్యలోని వైరు ఉక్కు గొట్టానికి రాసుకుని షార్ట్ అయినప్పుడు దాన్ని ఆపేది ఏదీ ఉండదు, పక్కనే బట్ట.

వేగం, ఎత్తు చూపే మీటర్లకి గాలి ఒత్తిడి తెచ్చే పిటో, స్టాటిక్ గొట్టాలు పీకే ముందు ఒక్కోదానికి టేపు చుట్టి పేరు రాయండి, నోటితో ఊది మాత్రం చూడకండి, ఎక్కుతున్నామా దిగుతున్నామా చూపే వేరియో పాడవుతుంది. స్పీకర్ అయస్కాంతం దిక్సూచికి దూరంగా ఉండాలి. అంతా బిగించాక స్టిక్ నాలుగు మూలలకీ, పెడల్స్ చివరిదాకా కదిపి, వెనక ఏ వైరూ తగలట్లేదని టార్చి వేసి చూడండి.

ఫోన్‌ని సక్షన్ కప్పుతో అంటించుకోవడం మార్పు కిందికి రాదు, దానికి బండి వైరింగ్ నుంచి కరెంటు లాగితే వస్తుంది. ఎక్కడ అంటించినా ఎమర్జెన్సీలో కానపీ (కాక్‌పిట్ మీది పారదర్శక మూత) విడగొట్టే హ్యాండిల్‌కి అడ్డం రానివ్వకండి.