మత విశ్వాసానికి సరిపడని ఆర్డర్ వస్తే అమెరికాలో వ్యాపారి ఏం చేయాలి?

అమెరికాలో బేకరీయో ఫొటో స్టూడియోనో నడుపుతున్నారు. ఒక ఆర్డర్ వచ్చింది, ఒప్పుకోవడానికి మీ మతం అడ్డొస్తోంది. "కుదరదండీ" అనేయకముందే ఇవి చూసుకోండి.

1. ముందు మీ రాష్ట్ర చట్టం తెలుసుకోండి. 1964 నాటి పౌర హక్కుల చట్టం ప్రకారం హోటళ్లు, రెస్టారెంట్లు, సినిమా హాళ్లు, పెట్రోల్ బంకుల లాంటి చోట్ల జాతి, రంగు, మతం, జాతీయ మూలం చూసి కస్టమర్‌ని తిప్పి పంపకూడదు. లైంగిక ధోరణి ఆ జాబితాలో లేదు. అయితే నాకేం ఫర్వాలేదు అనుకుంటే పొరపాటే. కొలరాడో లాంటి రాష్ట్రాలు దాన్నీ చేర్చాయి, పైగా అక్కడి చట్టం మామూలు షాపులకూ వర్తిస్తుంది.

2. ఎవరు అడిగారన్నది వదిలేసి, ఏం అడిగారో చూడండి. అసలు కిటుకు ఇక్కడే ఉంది. అద్దాల అల్మరాలో మూడంతస్తుల తెల్ల కేకు ఉంది, దానిమీద ఒక్క అక్షరం లేదు. నిన్న ఒక పెళ్లికి అలాంటిదే అమ్మారు. ఇవాళ ఇద్దరు మగవాళ్లు తమ పెళ్లికి అదే కావాలన్నారు. కేకు మారలేదు, కొనేవాళ్లు మారారు. కొలరాడోలో ఇక్కడ కాదంటే చిక్కుల్లో పడ్డట్టే. అదే, మీ మతాన్ని తిట్టే వాక్యం రాయమన్నారనుకోండి. ఎవరడిగినా మీరు రాయరు, కాబట్టి అది వేరే సంగతి.

3. కోర్టు తీర్పుల్ని ఉన్నదానికన్నా పెద్దవి చేసుకోకండి. మగవాళ్లిద్దరి పెళ్లికి కేకు చేయనన్న కొలరాడో బేకరీ మాస్టర్‌పీస్ కేక్‌షాప్ 2018లో సుప్రీంకోర్టులో 7-2 జడ్జీల మెజారిటీతో గెలిచింది. కొలరాడో పౌర హక్కుల కమిషన్ ఆ బేకర్ విశ్వాసాన్ని చులకనగా చూసిందన్న కారణంతో వచ్చిన తీర్పు అది, బేకర్లందరికీ ఇచ్చిన మినహాయింపు కాదు. 2023లో 303 క్రియేటివ్ అనే వెబ్ డిజైన్ సంస్థ కేసులో, స్వలింగ జంటల పెళ్లిళ్లకు వెబ్‌సైట్లు చేయనన్న డిజైనర్ అదే కోర్టులో 6-3తో గెలిచింది. పెళ్లి వెబ్‌సైట్ తయారీ ఆమె సొంత భావప్రకటన కాబట్టి, నచ్చని సందేశాన్ని ప్రభుత్వం ఆమెతో బలవంతంగా చెప్పించకూడదన్నారు. ఆమెను గట్టెక్కించింది మత స్వేచ్ఛ కాదు, వాక్ స్వేచ్ఛ. ఏ సందేశమూ లేని కుర్చీలు అద్దెకిచ్చేవారు ఈ తీర్పును నమ్ముకుంటే కష్టమే అని నా ఉద్దేశం. ఇక మతం ఒక్కటే కారణంగా చూపితే ఏమవుతుందో 1968లోనే తేలింది. 1964 నాటి పౌర హక్కుల చట్టం దేవుడి ఇష్టానికి విరుద్ధమని సౌత్ కరోలినాలో నల్లజాతివారిని రానివ్వని ఒక బార్బెక్యూ యజమాని వాదిస్తే, సుప్రీంకోర్టు అందులో పసే లేదంది.

4. అభ్యంతరం మీ ఉద్యోగిదైతే పని సర్దండి. 15 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ, వ్యాపారానికి మరీ భారం కానంత వరకు వాళ్ల మత విశ్వాసానికి వీలు కల్పించాలి. ఆ ఆర్డర్ ఇంకొకరికి ఇవ్వండి. కస్టమర్ ముందు మాత్రం పంచాయితీ పెట్టకండి.

5. రాయని మాటలేవో, చేయని డిజైన్లేవో ముందే కాగితం మీద పెట్టి, అందరికీ ఒకేలా పాటించండి. "సర్వీస్ నిరాకరించే హక్కు మాది" అన్న బోర్డు పెట్టినంత మాత్రాన వివక్ష చట్టం ముందు చెల్లదు. ఫిర్యాదు నోటీసు వస్తే టెన్షన్‌లో జవాబు రాసేయకండి. ఆర్డర్ మెయిళ్లు, మెసేజ్‌లు చెరపకుండా దాచి, లాయర్‌కి చూపించాకే స్పందించండి.